ఏడు గంటల గొంతు

ప్రధాని ప్రసంగం ముగిసి పది నిమిషాలైనా రాళ్ళపేట వలల షెడ్డు దగ్గర ఎవరూ లేవలేదు. ప్రసంగం వినిపించే పెట్టె స్తంభానికి వేలాడుతోంది. దాని ముందు యాభైమంది దాకా మత్స్యకారులు, వాళ్ళ ఆడవాళ్ళు, పనంతా అయిపోయి తీరిగ్గా చేరినవాళ్ళలా కూర్చున్నారు. గురువారం తెల్లవారి నుంచి వేట నిషేధం ఎత్తేస్తున్నామని ప్రధాని చెప్పాడు. సముద్రం మనది, భయపడకండి అన్నాడు. యుద్ధం మొదలైన నాటి నుంచి నాలుగు నెలలుగా ఇసకలో ఎండుతున్న పడవల వంక చూసుకుని వాళ్ళు మురిసిపోతున్నారు.

వాసుపల్లి నూకరత్నం ఒక్కతే నిలబడి ఉంది. ఆ పేటలోనే పుట్టి, చదువుకుని, నగరంలో స్వర పరిశోధనాలయంలో ముఖ్య శాస్త్రజ్ఞురాలైన మనిషి. యాభై దాటాయి. మెడలో గుర్తింపు కార్డు కూడా తియ్యకుండా పరిశోధనాలయం నుంచి నేరుగా వచ్చేసింది.

"అన్నా, గురువారం నువ్వు వెళ్ళకు."

ఆమె అన్న పోలరాజు ఇంజను ఫిల్టరు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. తలెత్తలేదు. "ఏటే, మళ్ళీ ఏటైంది?"

"సముద్రంలో తగిలితే పేలే మైన్లు ఇంకా తియ్యలేదు."

"పెద్దాయన ఇప్పుడే కదా సెప్పినాడు, బయం లేదని."

"మధ్యాహ్నం ఆ ప్రసంగం మొదటి కాగితం నేను చూశాను. ఎనిమిది మైళ్ళు దాటి వెళ్ళొద్దు, అక్కడ శత్రువు వదిలిన మైన్లు ఉన్నాయి అని అందులో ఉంది. తర్వాత ఆ వాక్యం తీసేశారు."

"తీసీసినారంటే అది తప్పనే కదా." పోలరాజు ఫిల్టరు వెలుగుకి ఎత్తి చూసుకున్నాడు. "అయినా ఎవుడు తీసినాడు?"

రత్నం మెడలోని కార్డు పిడికిట్లో పట్టుకుంది. తీయించింది తన పరిశోధనాలయమే.

ఆ పెట్టెలోని యంత్రం ఆమె చేసిందే, కానీ యుద్ధం కోసం పుట్టింది కాదు. ఆరేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డులో మొదలైంది ఆ పని. కట్లు మార్చేటప్పుడు తల్లి మాట్లాడుతుంటే కొందరు పిల్లలు ఊరుకునేవాళ్ళు, కొందరు వార్డు దద్దరిల్లేలా ఏడ్చేవాళ్ళు. నెలల తరబడి ఆ మంచాల పక్కన కూర్చుని రికార్డు చేస్తే రత్నానికి ఒక సంగతి తెలిసింది. ఊరుకున్న పిల్లల ఊపిరి తల్లి మాటల విరుపులతో కలిసి నడుస్తోంది. తల్లి ఆగిన చోట ఊపిరి ఆగుతోంది, అందుకున్న చోట అందుకుంటోంది. ఏడ్చే పిల్లల్లో ఆ రెండూ కలవడం లేదు. కలవకపోతే మనమే కలిపితే ఏమవుతుందని ఆమె ఒక పెట్టె తయారుచేసింది. అందులోని మైకు ఎదుట ఉన్నవాళ్ళ ఊపిరి వింటుంది. దాన్ని బట్టి పెట్టె తన స్పీకరులోంచి వచ్చే గొంతులో విరుపుల్నీ హెచ్చుతగ్గుల్నీ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతుంది. మాట ఒక్కటీ మారదు. రెండు నిమిషాల్లో వినేవాళ్ళ ఊపిరి ఆ గొంతు దారిలో పడుతుంది. ఊపిరి దారిలో పడ్డాక ఆ గొంతు ఏం చెప్పినా మనసు ఎదురు తిరగదు. కాగితాల మీద దాని పేరు స్వరసంధానం. పరిశోధనాలయంలో అందరూ జోల అనేవారు.

యుద్ధం మొదలైన ఎనిమిదో రోజు ఒక రైల్వే స్టేషనులో సైరన్ మోగింది. ఇది పరీక్ష మాత్రమే, ఎక్కడివారు అక్కడే ఉండండి అని మైకులో ఎంత మొత్తుకున్నా జనం నమ్మలేదు. మెట్ల వంతెన మీద నూట నాలుగు మంది తొక్కిసలాటలో పోయారు. బాంబు ఒక్కటీ పడలేదు. ఆ తర్వాత మూడో రోజున పరిశోధనాలయం డైరెక్టర్ చక్రపాణి రాజధాని నుంచి వచ్చిన ఇద్దరు అధికారుల్ని వెంటబెట్టుకుని రత్నం గదికి వచ్చాడు. ప్రధాని ప్రసంగాలకి జోల కావాలన్నారు. ఆమె ఆలోచించుకోవడానికి గడువు కూడా అడగలేదు. ఆ వంతెన ఫొటోలు చూసినవాళ్ళెవరూ అడగరు.

నెల తిరిగేసరికి వీధి వీధికీ పెట్టె వచ్చింది. రోజూ సాయంత్రం ఏడింటికి ప్రధాని మాట్లాడేవాడు. ఆయన గొంతుతోనే అది అన్ని భాషల్లోకీ మారి వినిపించేది. తర్వాత వచ్చిన వైమానిక దాడిలో రాళ్ళపేట జనమంతా తోసుకోకుండా, పిల్లల్ని చంకనేసుకుని తుఫాను షెల్టరులోకి నడిచి వెళ్ళారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆ కబురు విని రత్నం పరిశోధనాలయం ప్రసార గదిలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జీవితంలో ఒక్క పని మంచిది చేశాననుకుంది.

ఒకసారి ప్రధాని తెరమీద కనిపించి పరిశోధనాలయం వాళ్ళతో మాట్లాడాడు కూడా. టీవీలో కన్నా ముసలిగా ఉన్నాడు. కళ్ళ కింద వాపు. అందరికీ కృతజ్ఞతలు చెప్పి, చివర్లో అడిగాడు.

"జనం నన్ను నమ్ముతున్నారా, మీ యంత్రాన్నా?"

"యంత్రం అడ్డు తొలగిస్తుందంతే సార్. నమ్మకం మీదే," అన్నాడు చక్రపాణి.

ప్రధాని ముఖం వికసించింది. ఆ జవాబు ఆయనకు ఎంత కావాల్సి ఉందో రత్నం చూసింది. అప్పుడు ఆమె కూడా కాదనలేదు.

రోజూ మధ్యాహ్నం ప్రసంగం కాగితం పరిశోధనాలయానికి వచ్చేది. ముప్ఫైమందిని కూర్చోబెట్టి వినిపించి, నూటికి ఎంతమంది ఊపిరి గొంతుతో కలిసిందో అంకె పంపేవారు. ఆ మంగళవారం మైన్ల వాక్యం ఉన్న కాగితానికి అరవై వచ్చింది. గంటలో రాజధాని నుంచి రెండో కాగితం వచ్చింది, మైన్ల వాక్యం లేకుండా. దానికి తొంభై.

రత్నం చక్రపాణి గదికి పరుగున వెళ్ళింది. "సార్, ఆ వాక్యం తీసేస్తే మనుషులు చచ్చిపోతారు."

"నేను తియ్యలేదమ్మా. రాజధాని వాళ్ళు కూడా తియ్యాలనుకోలేదు. అంకె అలా వచ్చింది."

"ఆ అంకె మనం పంపిందే కదా."

"ఉన్న అంకె పంపాం. తప్పు అంకె పంపమంటావా?" చక్రపాణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. దుర్మార్గుడు కాదు. అలసిపోయిన మనిషి. "ఊళ్ళలో జనానికి చేప దొరక్క నాలుగు నెలలైంది. వేట మొదలవ్వాలి. నావికాదళం ఎలాగూ కాపలా కాస్తుంది. అతిగా ఆలోచించకు."

అలా ఆమె రాళ్ళపేటకి వచ్చింది. రహస్యం బయటపెడితే ఉద్యోగమే కాదు, జైలు కూడా ఉంటుందని తెలిసే వచ్చింది. ఆ రాత్రి అన్న ఇంటి అరుగు మీద కూర్చుని, పెట్టె ఎలా పనిచేస్తుందో పోలరాజుకీ వదిన పైడమ్మకీ మొదటి నుంచీ చెప్పింది. వార్డులో పిల్లల సంగతి చెప్పింది. ఊపిరి సంగతి చెప్పింది. పైడమ్మ రొయ్యలు ఒలుస్తున్నదల్లా చెయ్యి ఆపి విన్నది.

"అయితే రత్నమ్మా, మేం నమ్ముతన్నది మేం నమ్ముతన్నట్టు కాదేటి?"

"పూర్తిగా కాదు వదినా."

పోలరాజు లేచి నిలబడ్డాడు. అతని ముఖం ఎర్రబడింది. "సూడు రత్నం. నా కొడుకు సరిహద్దులో ఉన్నాడు. ఆడు ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో ఏటీ తెలీదు. ఆ పెద్దాయన మాట ఇని రోజూ గుండె దిటవు సేసుకుంటన్నాను. ఇప్పుడు నువ్వొచ్చి, ఆ దైర్యం కూడా నీ పెట్టెలోదే, నాది కాదంతన్నావు."

"అలా కాదన్నా..."

"ఇంకెలాగే? నువ్వు మాటాడితే గుండె దడ పుడతాది. ఆయన మాటాడితే కుదురుగుంటాది. దేన్ని నమ్మమంటావు?"

ఆరేళ్ళు కష్టపడి ఆమె కనిపెట్టింది సరిగ్గా అదే.

బుధవారం సాయంత్రం ఆరున్నరకి ఆమె ప్రసార గదిలో కూర్చుంది. మూడు తీర మండలాల పెట్టెలు ఆమె బల్ల మీది మీటల కిందే ఉన్నాయి. మధ్యాహ్నమే తన గొంతుతో నాలుగు ముక్కలు రికార్డు చేసుకుంది. "నేను రాళ్ళపేట నూకరత్నాన్ని. ఎనిమిది మైళ్ళు దాటి వేటకి వెళ్ళకండి. మైన్లున్నాయి." ప్రసంగం బదులు ఆ మాటలు జోలలో పెట్టి వదిలితే చాలు. ఊరంతా నమ్ముతుంది. అన్న కూడా నమ్ముతాడు.

ఒకసారి తన ముందున్న పెట్టెలో పెట్టి విన్నది. తన గొంతే తన ఊపిరిని వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంది. ఛాతీలో బరువు దిగిపోయింది. అనుమానమే లేకుండా పోయింది. ఆ హాయిలోనే ఆమెకు చలి పుట్టినట్టయింది. మైన్ల సంగతి తనకు ఒక కాగితం మీద చూసిన ఒక్క వాక్యం ద్వారా తెలుసు. అది తప్పయినా తనకు ఇంత హాయిగానే ఉండేది. ఊరికీ ఇంత హాయిగానే ఉండేది.

ఆ రికార్డు చెరిపేసింది. ఏడింటికి ప్రధాని గొంతు మొదలవగానే మూడు మండలాల్లో జోల ఆపింది. ప్రసార గది రిజిస్టరు పుస్తకంలో తన పేరు, సమయం రాసి సంతకం పెట్టింది. గొంతు మామూలుగా వెళ్ళింది, ఏ మార్పూ లేకుండా.

పోలరాజు తర్వాత చెప్పాడు, ఆ సాయంత్రం షెడ్డు దగ్గర ఏదో తేడాగా అనిపించిందని. జనం దగ్గారు, అటూ ఇటూ కదిలారు. మధ్యలోనే ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. పెద్దాయనకి ఒంట్లో బాగాలేదేమోనని ఎవరో అన్నారు. చదివింది చదువుతున్నాడు, మనతో మాట్లాడటం లేదు అని ఇంకెవరో అన్నారు. గురువారం తెల్లవారి రాళ్ళపేట నుంచి ఒక్క పడవ కూడా కదల్లేదు. కారణం అడిగితే ఎవరికీ చెప్పడానికి రాలేదు. మనసొప్పలేదు అన్నారంతే.

అదే రోజు మధ్యాహ్నం, దక్షిణాన వేరే జిల్లా నుంచి ఫోన్లు వచ్చాయి. అక్కడి పెట్టెల్లో జోల నడిచింది. అక్కడి పడవలు వెళ్ళాయి. పదకొండో మైలు దగ్గర ఒక మరపడవ మైను తగిలి ముక్కలైంది. ఆరుగురు.

రత్నం అనుకున్నది నిజమైంది. అన్న బతికాడు. ఆరుగురు చచ్చిన రోజున ఆ సంతోషం ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం ఏడింటికి ప్రధాని ఆ పడవ ఊసెత్తలేదు. సరిహద్దు విజయాల గురించి మాట్లాడాడు. చక్రపాణి పక్కనే నిలబడి చూస్తుంటే రత్నం తీర మండలాల్లో జోల మళ్ళీ వేసింది. ఊపిరి కలిసినవాళ్ళ అంకె తెర మీద పైకి ఎక్కలేదు. ముప్ఫై నాలుగు. యంత్రం విరుపుల్ని జరిపింది, గొంతు తగ్గించింది, పెంచింది. వినేవాళ్ళ ఊపిరి ఎక్కడికక్కడ తప్పించుకుపోతోంది. ఒక్కసారి ఆ గొంతును అనుమానంతో విన్నవాళ్ళని మళ్ళీ పట్టుకోవడం యంత్రం వల్ల కాలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ పరీక్షించలేదు. పిల్లల వార్డులో ఏ తల్లీ అబద్ధం చెప్పలేదు కాబట్టి.

"ఏం చేశావు నువ్వు?" అని అడిగాడు చక్రపాణి, నెమ్మదిగా.

"పుస్తకంలో రాశాను సార్."

శుక్రవారం పగలు పదకొండింటికి సైరన్ మోగింది. విమానాలు తూర్పు నుంచి వస్తున్నాయి. పెట్టెల్లో ప్రధాని గొంతు పలికింది. తుఫాను షెల్టరుల్లోకి వెళ్ళండి, రోడ్ల మీదకి రావొద్దు. తెర మీద అంకె పంతొమ్మిదికి పడింది. రత్నం అన్నకి ఫోను చేసింది.

"అన్నా, షెల్టరులోకి పదండి. ఈసారి చెప్పింది నిజం."

గాలి హోరు, అరుపులు. "ఎవులూ ఎల్తం లేదే. అందర్నీ ఒక్క సోట పెట్టి సంపేస్తారంట. కొండ దారి పట్టీసినారు. మీ వదిన కూడా ఆలతో ఎల్లిపోయింది."

"వెనక్కి పిలు. నా మాట విను, ఇది నిజం."

"మొన్న ఆయన్ని నమ్మొద్దన్నావు. నేడు నమ్మమంతన్నావు. నానేటి సెయ్యాలే?"

ఫోను అలా ఉండగానే అతను పరుగెత్తడం వినిపించింది. పైడమ్మా, పైడమ్మా అని పిలవడం వినిపించింది. తర్వాత లైను పోయింది.

కొండ దారి పక్కనే చమురు ట్యాంకులున్నాయి. శత్రువు వచ్చింది వాటి కోసమే. రాళ్ళపేట వాళ్ళు పంతొమ్మిదిమంది ఆ దారి మీద పోయారు. పైడమ్మ అందులో ఉంది. ఆమెను అందుకోబోయిన పోలరాజుకి ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. షెల్టరు చెక్కు చెదరలేదు. దాని అరుగు మీద ఆరేసిన బట్టలు కూడా అలాగే ఉన్నాయి.

విచారణ జరిగింది. సాంకేతిక లోపం అని తేలింది. రత్నం సంతకం పెట్టిన పుస్తకం కనిపించలేదు. చక్రపాణిని అడిగితే, "నిన్ను కాపాడాను," అన్నాడు. "పరిశోధనాలయాన్ని కూడా. రాజధాని వాళ్ళు కొత్త గొంతు వెతకమంటున్నారు. ప్రధాని గొంతు ఈ తీరంలో పనికిరాదట. ఒక సైనికుడి తల్లి గొంతుతో ప్రయత్నిద్దాం అంటున్నారు. నువ్వు లేకపోతే ఆ పని కాదు."

"పుస్తకం ఎక్కడ సార్?"

"ఏ పుస్తకం?"

ఆమె విచారణ సంఘానికి ఉత్తరం రాసింది. జోల ఏమిటో, ఎవరు ఏ వాక్యం ఎందుకు తీశారో, ఎవరు ఎప్పుడు ఆపారో అన్నీ వివరంగా రాసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. మీ సలహా అందినది, ధన్యవాదములు అని రెండు ముక్కలు. పత్రికకి రాసింది. యుద్ధకాలంలో ఇటువంటివి వేసుకోలేమని సంపాదకుడు ఫోను చేసి మర్యాదగా చెప్పాడు. రాజీనామా ఇస్తే దాన్ని దీర్ఘకాలిక సెలవుగా మార్చారు. తప్పు చేశానని చెప్పుకుంటుంటే వినే నాథుడు లేడు. శిక్ష కూడా ఎవరూ వెయ్యలేదు.

అంతకు ముందే, వదిన దినం రోజున, వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళాక, ఆమె పోలరాజు ఎదుట కూర్చుంది.

"అన్నా, ఆ బుధవారం పెట్టె ఆపింది నేనే."

పోలరాజు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఆపకపోతే నాను గురువారం పోయేవోడిని."

"అవును."

"ఆపబట్టి మీ వదిన పోయింది."

"అది చెప్పలేను. ఆ పడవ కబురు వచ్చాక ఎలాగైనా నమ్మేవాళ్ళు కాదేమో. ఆపకపోతే నమ్మేవాళ్ళేమో. తెలీదన్నా."

"ఇంత సదివినావు. నీకూ తెలీదా?"

"తెలీదు."

అతను లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత రెండు నెలలు చెల్లెలితో మాట్లాడలేదు.

ఆ రెండు నెలల్లో యుద్ధం ఆగలేదు, పెట్టెలూ ఆగలేదు. సైనికుడి తల్లి గొంతు కొన్నాళ్ళు పనిచేసిందట. ఆరుగురు పోయిన తర్వాత నావికాదళం వాళ్ళు రేవు కార్యాలయం గోడకి రోజూ ఒక కాగితం అంటించడం మొదలుపెట్టారు. సముద్రం పటాన్ని గళ్ళుగా గీసి, ఏ గడిలో మైన్లు తీశారు, ఏ గడిలో తియ్యలేదు, ఎక్కడ ఖాయంగా తెలీదు అని అందులో ఉండేది. అంతా ఇంగ్లీషు, అంకెలు. ఎవరూ చూసేవారు కాదు. రత్నం పేటలో చిన్న గది అద్దెకు తీసుకుని, రోజూ పొద్దున్నే ఆ గోడ దగ్గర నిలబడి కాగితాన్ని తెలుగులో పైకి చదివేది. మైకు లేదు. ఆమె గొంతు మామూలుగానే సన్నం, పైగా గాలి. మొదటివారం కుక్కలు తప్ప ఎవరూ నిలబడలేదు. తర్వాత నలుగురైదుగురు ఆగడం మొదలుపెట్టారు. ఆగి తిట్టేవారు. నీ అన్న పెళ్ళాన్ని చంపుకున్నదానివి, నీ మాట ఎవరిక్కావాలి అని ఒక ముసలామె ముఖం మీదే అన్నది. రత్నం కాగితం చివరిదాకా చదివింది.

కొందరు ఎదురు ప్రశ్నలు వేసేవారు. ఆ గడిలో నిన్న తెప్ప వెళ్ళి వచ్చింది కదా, మరి అక్కడ మైనుందని ఎలా రాశారు? తెలిస్తే చెప్పేది. తెలియకపోతే తెలియదనేది. తెలియదన్న ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు విసుక్కుని వెళ్ళిపోయేవారు. జోల ఉంటే వీళ్ళందర్నీ రెండు నిమిషాల్లో కూర్చోబెట్టవచ్చన్న ఆలోచన ఆమెకు రోజూ వచ్చేది. రోజూ పంటి బిగువున దాన్ని అణచుకునేది.

కార్తీకమాసంలో ఒక పొద్దున పోలరాజు వచ్చాడు. ఎడమ చేతి చర్మం ముడతలు పడి గులాబిరంగుకి తిరిగింది. గుంపుకి వెనకగా నిలబడి అంతా విన్నాడు. ఆమె ముగించాక ముందుకు వచ్చాడు. పలకరించలేదు.

"ఆ పదహారో గడి తీసీసినారని సదివినావు. నిజమేనా?"

"కాగితంలో అలా ఉంది. నిజమనే అనుకుంటున్నాను."

"అనుకుంతన్నావా?"

"అంతేనన్నా. అంతకన్నా నాకు తెలీదు."

పోలరాజు ఆమె చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. ఇంగ్లీషు రాదు. అయినా గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే వెతికాడు. పదహారో గడి పక్కన పదిహేడు, దాని మీద ఇంకా తియ్యలేదన్న గుర్తుగా అడ్డగీత. అక్కడ వేలు ఆపి సముద్రం వైపు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. వెనక నిలబడిన పడవ వాళ్ళలో ఒకడు అసహనంగా అడిగాడు, వెళ్ళడమా మానడమా ఏదో ఒకటి చెప్పమని.

"ఉండండ్రా," అన్నాడు పోలరాజు. "మళ్ళీ ఒకసారి సదవనీయండి. ఒలే, మొదటి నుంచి సదువు. మెల్లగా సదువు."

రత్నం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.